గడప బయట కూర్చుని వేసిన పటం

మా డ్రాయింగు సార్ చేతిరాత ఆవగింజలు వరసగా పేర్చినట్టు ఉంటుంది. పోయిన జులై నెలాఖరులో ఆయన దగ్గర్నుంచి వచ్చిన పోస్టుకార్డు మీద మాత్రం నాలుగు వాక్యాలే పట్టాయి. అక్షరాలు అంగుళం ఎత్తున, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. "పాపా, కుడికన్ను పోయినాది. ఎడమకన్ను బీగం బొక్కంత మిగిలుండాది. పెనుకొండ పటం నకలు అయిపోయింటే తెచ్చి చూపించు. తొందరగా రా." ఆయనకు నీటికాసుల జబ్బు ఉందని, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు చుట్టూ నుంచి మూసుకుపోతుందని, పోయిన చూపు ఏ మందుకూ తిరిగి రాదని నాకు ముందే తెలుసు. ఇంత త్వరగా అనుకోలేదు. ఆ కార్డు పట్టుకుని హిందూపురం నుంచి ధర్మవరానికి, అక్కడి నుంచి పెనుకొండకు, తిరిగి ఇంటికి, ఒకే ఆదివారంలో చేసిన ప్రయాణం ఇది. పల్లె దృశ్యాలను నూనెరంగుల్లో వేయడం నేర్చుకోవాలని, అందుకోసం పాత పటాలు వెతుక్కుంటూ తిరగాలని ఉన్నవాళ్ళకు దారి, ధరలు పనికొస్తాయని రాస్తున్నాను. మిగతాది రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

పంతొమ్మిదివందల తొంభైలలో సార్ మా కాన్వెంటుకు ప్రతి శనివారం ధర్మవరం నుంచి రైల్లో వచ్చేవారు. అందరికీ మామిడికాయలు, జెండాలు నేర్పేవారు. నేను ఎవరితోనూ మాట్లాడకుండా లైబ్రరీలో కూర్చునే పిల్లను. రంగులైనా పలికిస్తాయేమోనని సిస్టర్ నన్ను ఆయన దగ్గరికి విడిగా పంపింది. ఆయన నన్ను చెట్టు వేయమనలేదు, కొండ వేయమనలేదు. తన గురువు వేసిన రెండు పాత నూనెరంగుల పటాలు తెచ్చి ముందు పెట్టి, చూసి వేయమన్నారు. ఒకటి బండ్లబాట, ఇంకొకటి కోత అయిపోయిన చేను. ఒక్కోదానికి ఏడాదిన్నర పట్టింది. ముందు గుడ్డంతా పలుచటి మట్టిరంగు పూయాలి. కళ్ళు సగం మూసి చూస్తే చిన్న చిన్న వివరాలు పోయి చీకటి, వెలుగు మిగులుతాయి. ఆ చీకట్లు మొదట పెట్టాలి. దూరం పోయేకొద్దీ కొండ లేతబడి నీలంగా మారాలి. వెలుగు ఆఖరున, మందంగా. నకలు ఎప్పుడూ అసలుకన్నా నాలుగు వేళ్ళు చిన్నదిగా ఉండాలి, ఎవరూ దాన్ని అసలని చెప్పి అమ్మలేకుండా. సంతకం పెట్టకూడదు, వెనకవైపు 'చూసి వేసినది' అని రాయాలి. మూడు నకళ్ళు అయ్యాకే సొంత పటం. "సొంతంగా ఎవురైనా ఏస్తారు పాపా. చూసేది రావల్ల ముందు" అనేవారు.

చాలా ఏళ్ళకు మళ్ళీ చేపట్టిన నా మూడో నకలు పెనుకొండ పటం. అసలు పటం సార్ వేసినదే. వయసులో ఉన్నప్పుడు ఆయన పెనుకొండ బడిలో పనిచేస్తూ ఒక రైతు ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉన్నారు. బదిలీ అయి పోయేటప్పుడు ఆ రైతు చేనును, దాని వెనక కోట ఉన్న కొండను పెద్ద పటంగా వేసి ఆయనకు ఇచ్చి వెళ్ళారు. ముప్పై ఏళ్ళుగా మళ్ళీ దాన్ని చూడలేదు. ఆ రైతు ఇప్పుడు లేరు, ఆయన భార్య ఉంది. వీధిలో అందరిలాగే నేనూ ఆమెను అవ్వా అనే పిలుస్తాను. పటం ఆమె దేవుని గదిలో వేంకటేశ్వరుడికీ లక్ష్మికీ మధ్య మేకుకు వేలాడుతుంది. దానికి అద్దం లేదు. ముప్పై ఏళ్ళ దీపం పొగ, సాంబ్రాణి పొగ నేరుగా రంగు మీదే పట్టింది. శుక్రవారం శుక్రవారం మిగతా పటాలతో పాటు దాన్నీ తుడిచి, చట్రానికి పసుపు కుంకుమ బొట్లు పెడుతుంది అవ్వ.

మేము క్రైస్తవులం. ఆ సంగతి మొదటి రోజే అడిగి తెలుసుకుని, అవ్వ గడపకు ఇవతల చాప వేసింది. "ఈడ కూచో. కనపడ్తాది కదా?" అంది. కనపడుతుందన్నాను. ఆమె మనసు చెడ్డది కాదు; మధ్యాహ్నం సంగటి తినకుండా నన్ను ఒక్కరోజూ పంపలేదు. ఎనిమిది ఆదివారాలు ఆ గడప బయట కూర్చుని, రెండు బారల దూరం నుంచి చూస్తూ నకలు తీశాను. గోధుమరంగు ఆకాశం, గోధుమరంగు చేను, మసకలో కొండ. సాయంత్రపు దుమ్ము అనుకున్నాను. కరువు ఏడాది అనుకున్నాను. మా జిల్లాలో గోధుమరంగు పటం ఎవరికి చూపించినా అదే అనుకుంటారు. ఆకాశం మీద సన్నటి గీట్లు ఉన్నాయి. తుడిచి తుడిచి పడినవని, దెబ్బతిన్న చోట్లు నకలులో ఉండకూడదని వాటిని వదిలేశాను. కొట్టివేతలు లేని నోటుబుక్కుకు కాన్వెంటులో ఏటా బహుమతి తెచ్చుకున్న దాన్ని. నకలు శుభ్రంగా వచ్చింది.

ఆదివారం ఆరున్నరకు హిందూపురం స్టేషన్‌కు రావలసిన ప్యాసింజర్ ఏడు దాటాక వచ్చింది. ధర్మవరానికి టికెట్టు పద్నాలుగు రూపాయలు, ప్రయాణం రెండున్నర గంటలు. ఇంట్లో బయలుదేరేటప్పుడు అమ్మ గుమ్మం దాకా వచ్చి, "చర్చి ఎగ్గొట్టేది ఇది తొమ్మిదో ఆదివారం. ఫాదర్ అడిగితే ఏం చెప్పేది?" అంది. సార్‌కు బాగలేదని చెప్పమన్నాను. "బాగలేనోళ్ళకు పండ్లు తీసుకపోతారు. అట్ట తీసుకపోతారా?" అంది. అంటూనే పటాన్ని నా చేతిలోంచి తీసుకుని, పాత దుప్పటిలో చుట్టి, అంచులు నలగకుండా మూలలకు గుడ్డ మడిచి పెట్టి, దారంతో కట్టి ఇచ్చింది. సార్ తన చేత్తో ఏమైనా దిద్దుతారేమోనని రంగుల పెట్టె కూడా సంచిలో వేసుకున్నాను.

కిటికీ పక్క సీటు దొరికింది. ఊరు దాటగానే శెనక్కాయ చేలు మొదలయ్యాయి. మొక్కలు అరచేతి ఎత్తు లేచి ఆగిపోయి ఉన్నాయి. మధ్యాహ్నం ఎండకు ముడుచుకోవలసిన ఆకులు పొద్దున్నే ముడుచుకుని ఉన్నాయి. ఎదురు సీట్లో ఇద్దరు రైతులు మాట్లాడుకుంటున్నారు.

"రొద్దం కాడ పడిందంటప్పా మొన్న."

"ఎవురు చెప్పినారు?"

"మా బామ్మర్ది."

"మీ బామ్మర్ది చెప్పిన వాన యానాడన్నా మన మింద పడిందా?"

ఇద్దరూ నవ్వలేదు. ఒకాయన బీడీ ముట్టించుకోవడానికి తలుపు దగ్గరికి వెళ్ళాడు. నేను అలవాటు ప్రకారం కళ్ళు సగం మూసి బయటికి చూశాను. నేల, గట్టు, దూరపు కొండ, ఆకాశం అన్నీ కొద్ది తేడాతో ఒకే రంగులో ఉన్నాయి. నా నకలులోనూ అంతే. రంగు సరిగ్గా కుదిరిందని అప్పుడు నాకు సంతోషంగానే ఉండింది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ధర్మవరం స్టేషన్ బయట పొద్దున పది దాకా ఉగ్గాని, మిరపకాయ బజ్జి దొరుకుతాయి. ప్లేటు పది రూపాయలు, బొరుగులు మెత్తగా, పుట్నాల పొడి వేసి ఉంటాయి. తినే పోవాలి, ఎందుకంటే నేతగాళ్ళ వీధుల్లో హోటళ్ళు తక్కువ. అక్కడినుంచి షేర్ ఆటోకు మనిషికి ఐదు రూపాయలు. నా ఒళ్ళో ఉన్న మూట చూసి ఆటో అతను, "పటమామ్మా? ఏం దేవుడు?" అన్నాడు.

"దేవుడు కాదు. చేను" అన్నాను.

"చేనుకు పటం కట్టించుకుంటారా ఎవురన్నా! మాది కొత్తచెరువు కాడ నాలుగెకరాలుండాది. ఊరికే ఇస్తా, అది కూడా మూట కట్టుకొని పో." వెనక కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు పెద్దగా నవ్వారు. దిగేటప్పుడు అతను పటాన్ని పట్టుకుని, నేను కింద నిలబడ్డాక జాగ్రత్తగా అందించాడు.

సార్ ఇల్లు చిన్నది. ముందు గదిలో గుంటమగ్గం, దాని మీద కోడలు సరోజక్క. ఉద్యోగం అయిపోయాక సార్ పట్టుచీరల అంచులకు గళ్ళ కాగితం మీద డిజైన్లు గీసేవారు. ఆ కాగితాలు ఇప్పుడు గోడకు చుట్టలుగా ఆనించి ఉన్నాయి, పైన దుమ్ము. సార్ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. నన్ను గొంతును బట్టే పోల్చుకున్నారు. దుప్పటి విప్పి పటం చేతికిచ్చాను. ఆయన దాన్ని ఎడమకంటికి జానెడు దూరంలో పట్టుకుని, ఒక మూల నుంచి మెల్లగా జరపడం మొదలుపెట్టారు. మొత్తం పటం ఆయనకు ఒకేసారి కనపడదు. తాళం బొక్కలోంచి గదిని చూసినట్టు ముక్క ముక్కగా చూస్తున్నారు.

"గట్టు ఉండాది. చేను. మొక్కలు బాగ పెట్టినావు. కొండ. ఇంగ దూరం పోవల్ల కొండ, అయినా పర్వాలేదు." తర్వాత ఆకాశం దగ్గరికి వచ్చారు. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు జరిపారు. మళ్ళీ జరిపారు. మగ్గం చప్పుడు ఒకటే వినపడుతోంది.

"వాన యాడ పాపా?"

నాకు అర్థం కాలేదు. "వాన లేదు సార్. సాయంత్రం కదా."

"సాయంత్రమేంది? పట్టపగలు పదకొండు గంటలప్పుడు ఏసినా. కొండ మింద నుంచి చేన్లోకి వాన దిగుతాండాది. మూడేండ్ల కరువు తీరినంక వచ్చిన తొలివాన అది. ఆ రైతు చేన్లో తడుస్తా నిలబడుకొన్నాడు, ఎంత పిలిచినా రాడు. అందుకే ఏసినా దాన్ని."

పటం మీద పొగ పట్టిందని చెప్పాను. ఆకాశంలో గీట్లు ఉంటే దెబ్బలనుకుని వదిలేశానని కూడా చెప్పాను.

"ఆ గీట్లన్నీ ఒకే పక్కకు వాలిండాయా?"

కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నాను. అన్నీ ఎడమ నుంచి కుడికి వాలి ఉన్నాయి. అవునన్నాను.

"గుడ్డతో తుడిస్తే గీట్లు అన్ని పక్కలా పడ్తాయి పాపా."

మగ్గం ఆగింది. సరోజక్క అక్కడినుంచే అంది: "మామా, ఆ పిల్లను ఏడిపించొద్దు. వాన ఎట్లుంటాదో ఈ కాలం పిల్లోళ్ళకు ఎవురు చూపించినారు?" సార్ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఎనిమిది ఆదివారాలు వాన ముందు కూర్చుని, వానను మరక అనుకుని తీసేశాను. అదే ఆలోచిస్తూ నిలబడ్డాను.

సార్ నకలును నా చేతికి తిరిగి ఇచ్చేశారు. పొగ కింద రంగు చూడాలంటే ఏం చేయాలో చెప్పారు. నీళ్ళు వద్దు, సబ్బు అసలే వద్దు. మెత్తటి గుడ్డను ఎంగిలితో, అంటే నోటి ఉమ్మితో, తడిచేసి, ఒక మూల రూపాయి బిళ్ళంత మేర తుడవాలి. రంగు కదలకుండా పొగను మాత్రం తీసేది అదేనని ఆయన గురువు చెప్పారట. "నేను ఏసినవన్నీ యాడేడనో పోయినాయి. వాటి మింద ఆశ లేదు. ఆ వాన ఒక్కటి చూడల్లని ఉండాది" అన్నారు. నేను మూట కట్టుకుంటుంటే మళ్ళీ అన్నారు, "ఎట్లుంటే అట్ల ఏసుకొని తొందరగా రా. శుభ్రంగా ఏయల్లని కూచోవద్దు."

ధర్మవరం నుంచి పెనుకొండకు బస్సు మేలు. రైలు స్టేషన్ ఊరికి ఎడంగా ఉంటుంది, బస్సు ఊళ్ళోనే దింపుతుంది. పన్నెండున్నర బస్సుకు ఇరవై రూపాయలు తీసుకున్నారు, గంటన్నర పట్టింది. ఎండ పక్క సీటు దొరికింది. ఊరు దగ్గర పడ్డాక కొండ కనపడింది, కోటగోడ దాని మీద పాకుతున్నట్టు. పటంలో ఉన్నది ఈ కొండే. దాని మీద ఎక్కడా మబ్బు లేదు. అవ్వను ఎలా అడగాలో దారి పొడుగునా మనసులో వాక్యాలు కట్టుకున్నాను. బస్సు దిగేసరికి ఒక్కటీ మిగల్లేదు.

అవ్వ వసారాలో కూర్చుని శెనక్కాయలు వలుస్తోంది. "అయిపోయిందంటివే పటం? మళ్ళా వస్తివి" అంది. పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు వలిచి, సార్ చెప్పింది చెప్పాను. వాన సంగతి విని ఆమె నమ్మలేదు. ఎంగిలి అనగానే చేతిలో కాయ కింద పడేసింది.

"దేవుని పటాల నడుమ ఉండేదానికి ఎంగిలి పెడతావా? చదువుకున్నదానివి, నీకేమన్నా..." అని ఆగిపోయింది. కాసేపటికి, "కూచో. మజ్జిగ తాగు, ఎండన పడి వస్తివి" అంది.

వాదించడం నాకు చేతకాదు. మజ్జిగ తాగాను. తర్వాత టార్చిలైటు ఉందా అని మాత్రం అడిగాను. ఉంది, తెచ్చి ఇచ్చింది. నా చాప దగ్గరే, గడప బయట నిలబడి లోపలికి వెలుగు వేశాను. గోధుమరంగు ఆకాశం మెరిసింది, గీట్లు గీట్లుగానే ఉన్నాయి. "నేరుగా పడితే తెలియడం లేదవ్వా, పక్కనుంచి పడాలి" అన్నాను. అవ్వ గొణుక్కుంటూ నా చేతిలోంచి టార్చి తీసుకుని లోపలికి వెళ్ళి, పటం పక్కన గోడకు ఆనించి పట్టుకుంది. "ఇట్లనా?"

అలాగే. గీట్లు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. గోకుడు పడితే రంగు లోపలికి దిగాలి, ఇవి రంగు మీద రంగుగా ఉబ్బి ఉన్నాయి. ఒక్కో గీత పైన మందంగా మొదలై, కిందికి పోయేకొద్దీ సన్నబడుతోంది. కుంచె నిండా రంగు తీసుకుని పైనుంచి కిందికి లాగితే అలా వస్తుంది. వందల గీతలు, అన్నీ ఒకే వాలుగా, కొండ మీద నుంచి చేనులోకి. అవ్వ పటానికి మూరెడు దూరంలో ఉంది. టార్చి పట్టుకున్న చెయ్యి వణుకుతుంటే వాన కదిలినట్టు ఉంది.

టార్చి అలాగే పట్టుకుని అంది, "మా ఆయప్ప ఏటేటా ఇత్తనం ఏసే ముందర ఈడ నిలబడి దండం పెట్టేవాడు. దేవుళ్ళకు కాదు, దీనికి. దేవుని గదిలో చేనెందుకయ్యా తగిలించినావంటే, 'చేను కాదే, పైన సూడు' అనేవాడు. పైన ఏముండాది? పొగ. ముసిలోనికి కండ్లు సరిగ లేవు పోనీలే అనుకుంటి." ఆమె టార్చి ఆర్పింది. "నలభై ఏండ్లు కాపురం చేసి, పైకి ఒక్కనాడు సరిగ చూడకపోతినే."

తర్వాత అవ్వ రెండు చేతులూ ఎత్తి పటాన్ని మేకు మీద నుంచి తీసింది. గోడ మీద అంతమేర తెల్లగా మిగిలింది. పటాన్ని ఎదకు ఆనించుకుని గడప దాటి బయటికి తెచ్చి, పెరట్లో మంచం మీద వెలుగులో పెట్టింది. "ఇప్పుడు దేవుని గదిలో లేదు కదా" అంది. నేను సంచిలోంచి గుడ్డముక్క తీశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నీది వద్దులే పాపా. ఏమనుకోవద్దు. నా ఇంటిది కదా, నా ఎంగిలి అయితే తప్పు లేదు." కొంగు కొన నాలుకతో తడిచేసుకుని, చంటిపిల్ల బుగ్గ మీద అన్నం మెతుకు తుడిచినట్టు, ఆకాశంలో ఒక మూల గుండ్రంగా తుడిచింది. కొంగు నల్లగా అయింది. మళ్ళీ తడిచేసి తుడిచింది. మూడోసారికి రూపాయి బిళ్ళంత చోట బూడిద కలిసిన నీలం బయటపడింది. దాని మీదుగా తెల్లటి గీతలు మూడు దిగుతున్నాయి.

"ఇది వానే" అంది అవ్వ. మిగతాది కూడా తుడవమని అంటానేమోనని కాబోలు, కొంగు దోపుకుంది. "ఇంక చాలు. అన్నేండ్ల దీపాల పొగ అది. అంతా ఒకేసారి తీసేస్తే ఇల్లు ఖాళీ అయినట్టుంటాది."

ఆ రూపాయి బిళ్ళ పక్కన కూర్చుని రంగు కలిపాను. తెలుపులో కొద్దిగా నీలం, దాని మెరుపు చంపడానికి చిటికెడు మట్టిరంగు. నకలు అంచున నాలుగు చుక్కలు పెట్టి ఆనవాలు ఉంచుకున్నాను. వాన అక్కడే వేసేయవచ్చు. కుంచె చేతిలో ఉంది, వెలుగు ఇంకా రెండు గంటలు ఉంటుంది. కానీ చేయి స్థిరంగా లేదు, ఇంటికి పోయి నిదానంగా, బాగా వేద్దామనుకున్నాను. అవ్వ పెట్టిన సంగటి, రోట్లో నూరిన శెనక్కాయల ఊరిబిండి తిని, ఐదింటి బస్సు ఎక్కాను. హిందూపురానికి పద్దెనిమిది రూపాయలు, గంట పైన. ఆ రోజు మొత్తం ఖర్చు డెబ్బై దాటలేదు.

ఇంట్లో వాన వేశాను. గీతలు నిలువుగా వచ్చాయని టర్పెంటైనుతో తుడిచేశాను. మళ్ళీ వేశాను, మందం ఎక్కువైందని తుడిచాను. అలా నాలుగుసార్లు. మధ్యలో ఒక ఆదివారం వచ్చి పోయింది. ఐదోసారి వేసినది నచ్చింది, అది రెండో వారం శుక్రవారం. ఆదివారం అదే ప్యాసింజర్‌లో ధర్మవరం వెళ్ళాను. తలుపు దగ్గర సరోజక్క నా చేతిలో మూట చూసి, "ఆ కన్నూ పోయి నాలుగు దినాలయింది పాపా. వెలుతురు ఒకటే తెలుస్తాదంట, ఇంగేం లేదు" అంది.

సార్ అదే కుర్చీలో ఉన్నారు. పటం ఇచ్చాను. ఆయన దాన్ని ఎడమకంటి దగ్గరికి తీసుకోలేదు, ఒళ్ళో పెట్టుకున్నారు. తలకిందులుగా పెట్టుకున్నారు. నేను చూస్తూ ఉన్నాను. ఆయన బొటనవేలు పటం మీద నెమ్మదిగా నడిచి, కింది భాగంలో ఉన్న ఆకాశాన్ని చేరింది. రంగు ఇంకా ఆరలేదు. ఒక గీత వెంట వేలు పోనిచ్చారు, ఇంకో గీత వెంట. తర్వాత ఆగి, "వాన యాడన్నా పైకి పోతాదా పాపా?" అన్నారు. రెండు చేతులతో పటాన్ని పైకెత్తి, తనే సరిగ్గా తిప్పుకున్నారు. మందంగా ఉన్న కొసలు ఇప్పుడు పైన ఉన్నాయి. "ఇప్పుడు సరిపోయింది" అని మళ్ళీ వేలు పెట్టారు. కొండ మీద నుంచి చేను దాకా నిదానంగా దిగారు.

"ఈడ కింద రంగు గీకినట్టుండాది. తుడిచి మళ్ళా ఏసినావా?"

"అవును సార్."

"ఎన్నిసార్లు?"

"నాలుగు."

ఆయన పటం మీద నుంచి వేలు తీసేశారు. "పోనీలే" అన్నారు. బొటనవేలికి నీలం అంటింది. సరోజక్క కిరసనాయిలు గుడ్డ తెస్తే, "ఉండనీలేమ్మా" అని చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు. నకలు అక్కడే వదిలి వచ్చాను. వాన మధ్యలో ఆయన వేలు నడిచిన బాట ఉంది, దాన్ని దిద్దలేదు.

ఇదంతా ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని టైపు చేస్తున్నాను, గంటకు పదిహేను రూపాయలు, పక్కన పిల్లలు ఆట ఆడుతున్నారు. మా ఊళ్ళో ఇంకా వాన పడలేదు. పాత పటాలను చూసి వేయడం వల్ల ఏం వస్తుందని మా ఊరి లైబ్రరీలో ఒకరిద్దరు అడిగారు. చూడడం వస్తుందని సార్ జవాబు. నాకు ఎంత వచ్చిందో తెలియదు. ఆ పెరట్లో వణికే చేత్తోనే వాన వేసేసి, ఇంటికి పోకుండా ధర్మవరం బస్సు ఎక్కి ఉంటే, ఆ బీగం బొక్కలోంచి ఆయన దాన్ని చూసి ఉండేవారు. ఆ ఒక్క సంగతి మాత్రం స్పష్టంగా తెలుసు. ఇప్పుడు సొంత పటం ఒకటి మొదలుపెట్టాను, రైలు కిటికీలోంచి చూసిన చేలు. మరకలు పడుతున్నాయి, తుడవడం లేదు. పాత పటాల కోసం ఇటువైపు వచ్చేవాళ్ళకు చెప్పగలిగిన సలహా ఒకటే: చిన్న టార్చిలైటు వెంట తెచ్చుకోండి. ఎదురుగా వేస్తే గీట్లే కనపడతాయి, గోడకు ఆనించి పక్కనుంచి వేయాలి. గదిలోకి రానివ్వకపోతే బాధపడవద్దు, టార్చి ఆ ఇంటివాళ్ళ చేతికే ఇవ్వండి.